హైదరాబాదులో బొమ్మరిళ్లు కట్టేవారి కోసం: తరచుగా అడిగే ప్రశ్నలు

బొమ్మరిల్లు పిల్లల ఆటవస్తువు కదా, పెద్దవాళ్లకు హాబీ ఎలా అయింది?

మన ఇళ్లలో బొమ్మరిల్లు అంటే లక్కపిడతలు, చిట్టి రోలు, చెక్క పొయ్యి ముందు పెట్టుకుని పిల్లలు గుజ్జనగూళ్లు వండుకునే ఆటే. యూరప్‌లో మాత్రం ఇది మొదటినుంచీ పెద్దలదే. తెలిసినవాటిలో తొలి బొమ్మరిల్లును 1550ల చివర్లో బవేరియా పాలకుడు ఐదవ ఆల్బ్రెక్ట్ చేయించుకున్నాడు. 17వ శతాబ్దం చివర ఆమ్‌స్టర్‌డామ్‌లో పెట్రొనెల్లా ఓర్ట్‌మన్ అనే సంపన్న గృహిణి అలంకరించుకున్న బొమ్మరిల్లు ఇప్పటికీ అక్కడి రైక్స్ మ్యూజియంలో ఉంది. ఇంగ్లండులో 1921 నుంచి 1924 వరకు కట్టిన క్వీన్ మేరీ బొమ్మరిల్లుకు నమూనా గీసినవాడు ఢిల్లీలో ఇప్పటి రాష్ట్రపతి భవన్‌ను రూపొందించిన ఎడ్విన్ లుట్యెన్స్. ఆ చిన్న ఇంటిలో కుళాయిల్లో నీళ్లు వచ్చేవి, దీపాలు వెలిగేవి. 1940లలో అమెరికాలో ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ నేరస్థలాలను ఇలాంటి చిన్న గదులుగా కట్టించి, వాటిని చూపిస్తూ పోలీసు అధికారులకు పరిశీలన నేర్పింది. ఒక గదిని అచ్చంగా కొలత ప్రకారం చిన్నది చేస్తే, పెద్ద గదిలో కంటికి ఆననివి అందులో కనబడతాయని ఆమెకు బాగా తెలుసు. ఈ హాబీలోని ఆనందం కూడా అక్కడే ఉంది.

ఏ కొలతలో కట్టాలి?

ఒక అడుగును ఒక అంగుళం చేసే 1:12 కొలతతో మొదలుపెట్టమని నా సలహా. ప్రపంచమంతటా ఈ హాబీలో ఎక్కువగా వాడేది ఇదే. పైన చెప్పిన క్వీన్ మేరీ ఇల్లు, గ్లెస్నర్ లీ గదులు కూడా ఈ కొలతవే. మనకు దీనివల్ల ఇంకొక పెద్ద సౌకర్యం ఉంది. మన మేస్త్రీలు, వడ్రంగులు ఇప్పటికీ అడుగులు, అంగుళాల్లోనే మాట్లాడతారు కాబట్టి, ఇంటి కొలతను బొమ్మరింటి కొలతగా మార్చడానికి లెక్క వేయనవసరమే లేదు. ఏడడుగుల తలుపు ఏడంగుళాలవుతుంది, పదడుగుల ఎత్తున్న గది పదంగుళాలవుతుంది, ఆరంగుళాల మెట్టు అరంగుళం అవుతుంది, పద్దెనిమిది అంగుళాల ఎత్తున్న కుర్చీ కూర్చునే పలక ఒకటిన్నర అంగుళం అవుతుంది.

ఫ్లాట్లలో చోటు తక్కువగా ఉండేవారు అడుగును అరంగుళం చేసే 1:24 కొలతను ఎంచుకుంటారు. ముక్కలన్నీ ముందే కోసి పెట్టెలో పెట్టి అమ్మే కిట్లలో, అల్మారా అరలో పట్టేవి ఎక్కువగా ఈ కొలతవే. ఇందులో గోడలు, తలుపులు సులభంగానే కుదురుతాయి గాని, తలుపు గడియలు, గరిటెలు, పుస్తకాలు చేతికి అందనంత చిన్నవైపోతాయి. ఇంకా చిన్నవైన 1:48, 1:144 కొలతలను చేయి తిరిగిన తరువాత చూసుకోవచ్చు. బార్బీ వంటి బొమ్మలకు సరిపడేది దాదాపు 1:6 కొలత. పిల్లలు నిజంగా ఆడుకోవడానికి కట్టే ఇల్లయితే అదే నయం.

ఒక ఇంటిలో ఒకే కొలత ఉండాలన్నది ఒక్కటే కచ్చితమైన నియమం. బజారులో ముచ్చటగా కనబడిన కుర్చీని కొలవకుండా కొని తెచ్చి గదిలో పెడితే, అది ఎంత అందమైనదైనా గదినంతటినీ అబద్ధం చేస్తుంది. కొనడానికి వెళ్లేటప్పుడు చిన్న స్కేలును, ఐదున్నర అంగుళాల అట్టముక్క మనిషిని వెంట తీసుకువెళ్లండి. ఆ మనిషిని వస్తువు పక్కన నిలబెడితే అది సరిపోతుందో లేదో వెంటనే తెలిసిపోతుంది.

కిట్ కొని మొదలుపెట్టాలా, సొంతంగా కట్టాలా?

కత్తి పట్టడం, జిగురు ఆరేవరకు ఆగడం, సూచనలను వరుసగా చదవడం అలవాటు కావడానికి ఒక చిన్న కిట్ మంచిదే. లేజర్‌తో కోసిన ముక్కలు అందులో ఉంటాయి కాబట్టి గోడలు లంబంగా నిలబడతాయి. కొన్ని కిట్లలో జిగురు, బ్యాటరీలు ఉండవు, కొనేముందు చూసుకోండి. అయితే వరుసగా కిట్లే చేస్తూ పోవడాన్ని నేను సమర్థించను. వాటిలో వచ్చేవి ఎక్కడివో పూలకొట్లు, కాఫీ దుకాణాలు, మంచుదేశపు పొయ్యిగదులు. మనం ఎన్నడూ కూర్చోని గదిలో ఏది ఎక్కడ ఉండాలో మన చేతికి తెలియదు, అచ్చు కాగితంలో చూపినచోట అతికించడం తప్ప మరొకటి చేయలేము. ఒక కిట్ పూర్తికాగానే మీరు పుట్టి పెరిగిన ఇంటిలోని ఒక గదిని తీసుకోండి.

మొదటిసారి ఏ ఇల్లు కట్టాలి?

ఇల్లు వద్దు, ఒక గది చాలు. మూడు గోడలు, నేల, పైకప్పు ఉండి ముందువైపు తెరిచి ఉన్న పెట్టె అనుకోండి. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో థోర్న్ గదులనే లోకప్రసిద్ధమైన చిన్న నమూనా గదులు 68 ఉన్నాయి. అవి కూడా విడివిడి గదులే, వాటిలో ఏ ఒక్కదానికీ చుట్టూ పూర్తి ఇల్లు లేదు.

హైదరాబాదువారికి గదుల కరువు లేదు. పాతబస్తీలో డంగు సున్నం గోడలున్న దేవిడీ (పాతకాలపు ప్రభువుల భవంతి) వరండా, సికింద్రాబాదులో బెంగళూరు పెంకుల కప్పున్న రైల్వే క్వార్టరు వంటిల్లు, పాలరాతి బల్లలూ నల్లని చెక్క కుర్చీలూ నిలువుటద్దాలూ ఉన్న ఇరానీ హోటల్ మూల, తులసికోట ఉన్న చిన్న వాకిలి, ఇవన్నీ ఒక్క గదిలో ఒదిగే విషయాలే. ఈ ఇళ్లు మన కళ్లముందే అపార్టుమెంట్లుగా మారిపోతున్నాయి. పడగొట్టేముందు కొలిచి కట్టిన బొమ్మరిల్లు ఆ కుటుంబానికి ఫొటో కన్నా ఎక్కువ చెబుతుంది, ఎందుకంటే కిటికీలోంచి పొయ్యి దగ్గరికి వెలుగు ఎలా వచ్చేదో అందులో మళ్లీ చూడవచ్చు. ఈ పుటలో ఉన్నదంతా నిజానికి ఆ ఒక్క కోరికతో రాసినదే.

నిజమైన ఇంటి కొలతలు ఎలా తీసుకోవాలి?

టేపు, గళ్ల నోటుపుస్తకం, ఫోను సరిపోతాయి. గది పొడవు, వెడల్పు, ఎత్తు అందరూ తీసుకుంటారు, కాని గదికి స్వభావాన్ని ఇచ్చే కొలతలు వేరు. గోడ మందం, గడప ఎత్తు, కిటికీ నేలనుంచి ఎంత ఎత్తులో మొదలవుతుంది, కిటికీ ఊచల మధ్య దూరం, గూడు లోతు, అటక ఎత్తు, దూలానికీ దూలానికీ మధ్య దూరం తప్పకుండా రాసుకోండి. ఫొటో తీసేటప్పుడు ప్రతి వస్తువు పక్కన టేపును తెరిచి పెడితే, ఇంటికి వచ్చిన తరువాత మరిచిపోయిన కొలతను ఫొటోనుంచే రాబట్టుకోవచ్చు. ఇల్లు ఇప్పటికే పడిపోయి ఉంటే పెద్దవాళ్లను అడగండి. "కిటికీ ఎంత పెద్దది" అని అడిగితే వారు చెప్పలేరు గాని, "అమ్మమ్మా, కిటికీలో కూర్చుంటే నీ తల ఊచకు తగిలేదా" అని అడిగితే చేత్తో చూపించి చెబుతారు. ఆ చేతి ఎత్తును కొలవండి.

గోడలకు ఏ చెక్క, ఏ అట్ట వాడాలి?

దీర్ఘకాలం ఉండవలసిన ఇంటికి 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మేలు. చెక్క నారను జిగురుతో నొక్కి చేసే ఎండీఎఫ్ పలక నునుపుగా ఉంటుంది, కోత శుభ్రంగా వస్తుంది, ధర తక్కువ, కాని నీరు తగిలితే ఉబ్బుతుంది. ముఖ్యంగా కోసిన అంచులు స్పంజిలా నీటిని పీల్చుకుంటాయి కాబట్టి, రంగు వేసేముందు వాటికి పలుచని ఫెవికాల్ గాని ప్రైమర్ గాని రెండు పూతలు వేయాలి. ఆర్కిటెక్చర్ విద్యార్థులు నమూనాలకు వాడే ఫోమ్ బోర్డు (మధ్యలో నురుగు ఉన్న అట్ట), సన్‌బోర్డు (తేలికైన ప్లాస్టిక్ పలక), మౌంట్ బోర్డు (మందపాటి అట్ట) తేలికగా కత్తితోనే తెగుతాయి. రంపం ఇంటిలో వాడలేని ఫ్లాటువాసులకు ఇవే దిక్కు. థర్మోకోల్ మాత్రం గోడలకు పనికిరాదు. దాని పూసలు రాలుతూనే ఉంటాయి, స్ప్రే రంగు తగిలితే కరిగిపోతుంది.

ఏ పలకకైనా ఒకవైపే రంగో కాగితమో వేస్తే అది ఆరేటప్పుడు విల్లులా వంగుతుంది. అందువల్ల కనబడని వెనుకవైపు కూడా ఒక పూత వేయండి.

గోడ మందం గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. తొమ్మిదంగుళాల ఇటుక గోడ 1:12 కొలతలో ముప్పావు అంగుళం అవుతుంది, పాతకాలపు పద్దెనిమిది అంగుళాల గోడ ఒకటిన్నర అంగుళం అవుతుంది. 6 మిల్లీమీటర్ల పలకను గోడగా నిలబెట్టి అందులో కిటికీకి రంధ్రం చేస్తే, ఎంత చక్కగా అలంకరించినా అది పెట్టెలాగే కనబడుతుంది. రెండు పలకల మధ్య ఫోమ్ బోర్డు ముక్కలు పెట్టి జంటగోడ చేయండి, లేదా కనీసం కిటికీ, తలుపు, గూడు ఉన్నచోట లోపలి అంచులకు పట్టీలు అతికించి మందం చూపండి. పాత ఇంటిలోని చల్లదనం కంటికి కనబడేది ఆ లోతులోనే.

సామాను హైదరాబాదులో ఎక్కడ దొరుకుతుంది?

హాబీ సామాను ఆన్‌లైనులో అంతా దొరుకుతుంది, దాని గురించి చెప్పవలసినదేమీ లేదు. కాని ఈ నగరంలో బజార్లు తిరగడం ఈ హాబీలో సగం పని. చిన్న ఎల్ఈడీ దీపాలు, వాటికి వెళ్లే కరెంటును అదుపుచేసే రెసిస్టర్లు, సన్నని వైర్లు, బ్యాటరీ పెట్టెలు కోఠీలోని గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. మేకులు, సన్నని బందులు, గొలుసులు, ఇసుక కాగితం వంటి హార్డ్‌వేరు రాణిగంజ్‌లో చూడండి. లాడ్ బజారులో గాజుల అలంకరణకు వాడే చిన్న అద్దాలు, రాళ్లు, పూసలు కొంటే నిలువుటద్దాలకు, షాండ్లియర్లకు పనికివస్తాయి. పెళ్లి శుభలేఖలు అచ్చువేసే ఛత్తా బజారు ప్రాంతంలో మందపాటి అట్టలు, బంగారు కాగితాలు కనబడతాయి. ఇంటికి వచ్చిన శుభలేఖలను కూడా పారేయవద్దు, వాటి అంచుల నగిషీ ఫొటో చట్రాలకు సరిగ్గా సరిపోతుంది. సికింద్రాబాదు జనరల్ బజారులో సన్నని లేసులు, జరీ అంచులు అడగండి.

సంక్రాంతి ముందు ధూల్‌పేట వైపు వెళ్లినప్పుడు గాలిపటాలకు వాడే వెదురు బద్దలు తెచ్చుకోండి. కప్పుకు వాసాలుగా, తడికెలకు, కిటికీ ఊచలకు అంత సన్నని, తిన్నని, గట్టి బద్ద మరెక్కడా దొరకదు. నాంపల్లిలో మామూలుగా జనవరి 1న మొదలయ్యే నుమాయిష్‌లోనూ, మాదాపూర్ శిల్పారామంలోనూ చేతివృత్తులవారు నేరుగా అమ్ముతారు కాబట్టి, ఫలానా కొలతలో చేసి ఇవ్వగలరా అని వారినే అడగవచ్చు.

ఏ పనిముట్లు కావాలి?

స్టీలు స్కేలు, మూలమట్టం, పదునైన కట్టర్, కోత చాప, 120, 220, 400 నంబర్ల ఇసుక కాగితాలు, పట్టకారు, బట్టల క్లిప్పులు, రెండు మూడు బ్రష్షులు. పదునున్న బ్లేడుకన్నా మొండి బ్లేడే ఎక్కువగా జారి గాయం చేస్తుంది. అందువల్ల బ్లేడు మార్చడంలో పొదుపు చేయవద్దు. మందపాటి అట్టను ఒకే దెబ్బకు కోయాలని నొక్కకుండా, అదే గీతమీద తేలికగా నాలుగైదు సార్లు నడిపించండి.

ఏ జిగురు దేనికి?

చెక్కకు చెక్క, అట్టకు అట్ట అతకడానికి మామూలు తెల్ల ఫెవికాల్‌ను మించినది లేదు. పలుచగా రాసి, క్లిప్పులతో బిగించి, రాత్రంతా వదిలేయండి. ఫెవిక్విక్ వంటి క్షణంలో పట్టే జిగురును లోహానికి, చిన్న ప్లాస్టిక్ ముక్కలకు మాత్రమే వాడాలి. దాని ఆవిరి పారదర్శక ప్లాస్టిక్‌మీద తెల్లని పొగమంచులా పేరుకుంటుంది కాబట్టి కిటికీ అద్దాల దగ్గరికి దానిని రానీయవద్దు. గోడకాగితానికి తడి జిగురు వాడితే ముడతలు పడతాయి, అక్కడ గ్లూ స్టిక్ గాని, చాలా పలుచగా రోలర్‌తో పూసిన ఫెవికాల్ గాని నయం.

పుస్తకాలు కుట్టేవారు మైదా పిండిని ఉడికించి, పురుగు పట్టకుండా అందులో మైలతుత్తం కలుపుతారు. మైదా జిగురు చక్కగా పట్టుకుంటుంది, కాని మైలతుత్తం విషం. పిల్లలు తాకే ఇంటికి దానిని వాడవద్దు. మైలతుత్తం లేని మైదా జిగురును బొద్దింకలు, వెండిపురుగులు తినేస్తాయి, కాబట్టి మొత్తానికి మైదాను మానుకోవడమే మంచిది.

షాబాద్ బండల నేల ఎలా చేయాలి?

ఇది ఎక్కువమంది అడిగే ప్రశ్న, నాకు ఎంతో ఇష్టమైనది కూడా. షాబాద్, తాండూరు బండలు పరచని పాత ఇల్లు ఈ నగరంలో అరుదు. రెండడుగుల చదరపు బండ 1:12 కొలతలో రెండంగుళాలు అవుతుంది. మౌంట్ బోర్డును ఆ కొలతకు చదరాలుగా కోయండి. ప్రతి ముక్క అంచులను కత్తి వెనుకవైపుతో అక్కడక్కడ కొద్దిగా నొక్కండి, రెండు మూడు ముక్కలకు మూల చిన్నగా విరగ్గొట్టండి. నిజమైన బండల అంచులు యంత్రంతో కోసినట్లు ఉండవు.

రంగుకు నలుపు, తెలుపు కలిపిన బూడిద రంగు ఒక్కటే చాలదు. అందులో ఒక చుక్క నీలం, అంతకంటే తక్కువ గోధుమ రంగు కలపండి. ఒకే మిశ్రమంతో అన్ని ముక్కలకూ రంగు వేయకుండా, నాలుగైదు ముక్కలకొకసారి తెలుపునో నీలాన్నో కొంచెం పెంచుతూ పోతే, ఒకే గని నుంచి వచ్చిన వేరువేరు బండల్లా ఉంటాయి. తాండూరు పసుపు బండలు కావాలంటే నీలం బదులు పసుపుమట్టి రంగు వాడండి. ఆరిన తరువాత దాదాపు పొడిగా ఉన్న స్పంజితో లేత రంగును అద్ది, 400 నంబరు ఇసుక కాగితంతో ఒక్కసారి రుద్దండి. ముక్కలను వెంట్రుకంత సందులతో అతికించి, సిమెంటు రంగు కలిపిన గోడ పుట్టీని ఆ సందుల్లో నింపి, వెంటనే తడిబట్టతో పైపైన తుడవండి.

చివరిది వార్నిషు. నేలంతటికీ మెరుపు ఒకేలా వేయవద్దు. ఏళ్ల తరబడి కడిగి, నడిచిన షాబాద్ నేల గుమ్మంనుంచి వంటింటికి వెళ్లే దారిలో నునుపుదేలి మెరుస్తుంది, గోడల వారన, మంచం కింద మెరుపు లేక మసకగా ఉంటుంది. మొత్తం మీద మెరుపులేని వార్నిషు వేసి, నడక పడే దారిలో మాత్రం కొద్దిగా మెరిసే వార్నిషును గుడ్డతో రుద్దండి. ఆ దారిని చూడగానే ఆ ఇంటిలో మనుషులు ఉంటున్నారని తెలుస్తుంది.

పెంకుల కప్పు ఎలా?

బెంగళూరు పెంకు పొడవు సుమారు పదహారంగుళాలు, అంటే ఒకటింబావు అంగుళానికి కొద్దిగా ఎక్కువ. ముడతలున్న అట్టను కోసి వరుసలుగా పేర్చితే దూరంనుంచి బాగానే ఉంటుంది, దగ్గరగా చూసేవారికోసం ఒక పెంకును మట్టితో చేసి దానినుంచి అచ్చు తీసుకోవాలి. గూన పెంకులు సులభం. కుమ్మరి సారెమీద గొట్టంలా తీసి రెండుగా చీల్చినట్లే, మీరు కాగితపు స్ట్రాలను నిలువునా చీల్చి, ఒక వరుస బోర్లా, ఒక వరుస వెల్లకిలా అమర్చండి. ఎరుపు, నలుపు, నాచు ఆకుపచ్చ కలిపిన రంగు వేయండి. చూరు దగ్గర పెంకులు కొంచెం కిందికి జారినట్లు ఉంచితే సహజంగా ఉంటుంది.

వంటింటి సామాను, బొమ్మలు కొనాలా, చేసుకోవాలా?

రెండూ. ఏటికొప్పాక లక్కబొమ్మల్లో అంకుడు కర్రను లేత్‌మీద తిప్పుతూ లక్కరంగులు అద్దిన చిన్న చిన్న వంటపాత్రల సెట్లు దొరుకుతాయి. అవన్నీ 1:12కు సరిపోవు, స్కేలు వెంట ఉండాలి. కొండపల్లి, నిర్మల్ బొమ్మలు రెండూ తేలికైన పొణికి చెక్కతో చేస్తారు. కొండపల్లిలో అవయవాలను విడిగా చెక్కి, చింతగింజల జిగురుతో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఆ పద్ధతిని మనం నేరుగా తీసుకోవచ్చు. ఫెవికాల్‌లో సన్నని రంపపు పొట్టు కలిపి ముద్ద చేస్తే, చెక్క అతుకుల సందులను పూడ్చడానికి బజారులో దొరికే పుట్టీ కన్నా బాగుంటుంది, ఆరిన తరువాత చెక్కలాగే చెక్కుకోవచ్చు.

రోలు, సన్నికల్లు, తిరగలి వంటి రాతి సామానును రెండు ముద్దలు కలిపి వాడే ఎపాక్సీ క్లేతో చేయండి. గట్టిపడకముందే పాత టూత్‌బ్రష్‌తో పొడిస్తే ఉలిపోట్లు వస్తాయి. ఇరానీ హోటల్ కడుతున్నవారికి ఒక లెక్క చెబుతాను. ఐదు సెంటీమీటర్ల ఉస్మానియా బిస్కెట్ 1:12 కొలతలో నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే. లేత పసుపు క్లేను పలుచగా ఒత్తి, సన్నని గొట్టంతో బిళ్లలు కోసి, మధ్యలో మాత్రమే గోధుమ రంగు పొడిని బ్రష్‌తో అద్దండి, అంచులు లేతగానే ఉండాలి. సాసరులో ఒలికిన చాయ్‌కి గోధుమరంగు కలిపిన వార్నిషు చుక్క చాలు.

చీరలు, దుప్పట్లు, కర్టెన్లు బిర్రుగా నిలబడిపోతున్నాయి. ఏం చేయాలి?

బట్టను చిన్నగా కోయవచ్చు గాని దాని బరువును, దారపు మందాన్ని చిన్నది చేయలేము. అందుకే కొత్త నూలుబట్ట పన్నెండో వంతు మంచంమీద అట్టలా ఉంటుంది. బాగా ఉతికి మెత్తబడిన మల్లు గుడ్డ, పాత పట్టు ఓణీ, ముసలివాళ్ల ధోవతి వాడండి. ఐదున్నర మీటర్ల చీర ఈ కొలతలో సుమారు 46 సెంటీమీటర్ల పొడవు, పదికి కొంచెం తక్కువ సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. పోచంపల్లి ఇక్కత్ ముక్క ఎంత ముచ్చటైనా దాని గళ్లు ఈ చీరకు మరీ పెద్దవి, సన్నని రుమాలు అంచులో చూడండి. మడతలు నిలవాలంటే నీళ్లలో కలిపిన ఫెవికాల్‌తో బట్టను తడిపి, గుండుసూదులతో కుచ్చిళ్లు పెట్టి ఆరనివ్వండి. అంచులు కుట్టవద్దు, జిగురు గీత గీసి ఆరిన తరువాత కోయండి. ఇంత చిన్న బట్టకు కుట్టు తాడులా కనబడుతుంది.

దీపాలు ఎలా పెట్టాలి?

230 వోల్టుల కరెంటును బొమ్మరింటిలోకి ఎట్టి పరిస్థితుల్లోనూ తీసుకురావద్దు. ఫోను చార్జరునుంచి వచ్చే 5 వోల్టులు చాలు. తెల్ల ఎల్ఈడీకి సుమారు 3 వోల్టులు కావాలి, మిగిలిన 2 వోల్టులను రెసిస్టరు భరించాలి. 20 మిల్లీఆంపియర్లకు లెక్క వేస్తే 100 ఓములు వస్తుంది, కాని గదికి అంత వెలుగు అవసరం లేదు కాబట్టి 220 ఓములు పెడితే వెలుగు మృదువుగా ఉంటుంది, దీపం కూడా చల్లగా ఉంటుంది. ఒక్కొక్క ఎల్ఈడీకి ఒక్కొక్క రెసిస్టరు పెట్టండి. నీలిమంచు తెలుపు కాకుండా వెచ్చని తెలుపు అడిగి తీసుకోండి. వైర్లను గోడకాగితం అతికించకముందే జంటగోడ మధ్యలోంచి నడిపించి, వెనుకవైపు తెరవగలిగే పలక ఉంచండి. ఏదో ఒకనాడు ఒక దీపం ఆరిపోతుంది, అప్పుడు గోడ పగలగొట్టే అవసరం రాకూడదు.

హైదరాబాదు వాతావరణంలో జాగ్రత్తలు ఏమిటి?

మే నెల ఎండలో జిగురు పైన త్వరగా పొర కడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది, కాబట్టి కొద్దికొద్దిగా రాసి వెంటనే అతకండి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానల్లో రంగు ఆరడానికి రెట్టింపు సమయం ఇవ్వండి. ఆ రోజుల్లో వార్నిషు వేస్తే తేమ చిక్కుకుని పాలలా తెల్లబడవచ్చు, వెలుతురున్న పొడిరోజుకోసం ఆగండి. పడమటి కిటికీ ఎదుట ఇంటిని పెట్టవద్దు, రంగులు వెలిసిపోతాయి. చెదల భయం ఉంటే గోడకు ఆనించకుండా కాళ్లున్న బల్లమీద పెట్టండి. ఇక దుమ్ము ఈ నగరంలో తప్పదు. ముందువైపు తీయగలిగే అక్రిలిక్ పలక పెట్టండి, లోపలి దుమ్మును మెత్తని మేకప్ బ్రష్‌తో దులపండి. తడిగుడ్డ వాడవద్దు.

బొమ్మల కొలువులో పెట్టవచ్చా?

నిరభ్యంతరంగా పెట్టవచ్చు. కొలువు మెట్లమీద బరువును ముందే లెక్క చూసుకోండి, ప్లైవుడ్ ఇల్లు కింది మెట్టుమీదనో, కొలువు పక్కన నేలమీదనో ఉండాలి. నూనె దీపాలు, అగరుబత్తులు దానికి దూరంగా ఉంచండి. లోపలి జిగురు, వార్నిషు, బట్ట అన్నీ మండేవే.

పిల్లలు ముట్టుకోవచ్చా?

ప్రదర్శనకు కట్టిన 1:12 ఇల్లు మూడేళ్లలోపు పిల్లలకు అందకూడదు. చిన్న ముక్కలు గొంతులో ఇరుక్కుంటాయి. నాణెంలాంటి బటన్ బ్యాటరీలు మరీ ప్రమాదకరమైనవి, మింగితే లోపల కాలుస్తాయి. వాటిని స్క్రూతో మూసే పెట్టెలోనే ఉంచండి, అసలు వాడకపోతే ఇంకా మంచిది. పిల్లవాడు బ్యాటరీ మింగాడన్న అనుమానం కలిగినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఎనిమిది, పదేళ్ల పిల్లలను పనిలో చేర్చుకోవచ్చు. రంగులు, బండలు, పెంకులు వారు ఎంతో ఓపికగా చేస్తారు. కత్తి మాత్రం పెద్దల చేతిలోనే ఉండాలి.

ఖర్చు ఎంత అవుతుంది?

గోడలు, నేల, కప్పు చవక. ఖర్చంతా కొన్న కుర్చీలు, పాత్రలు, దీపాలదే. చేతితో చేసుకుంటే పెట్టుబడి సమయమే.

హైదరాబాదులో ఏవి చూస్తే ఉపయోగం?

సాలార్‌జంగ్ మ్యూజియంలో పిల్లల విభాగంలోని పాత ఆటబొమ్మలను, పాత ఫర్నిచరు గదులను నెమ్మదిగా చూడండి. కుర్చీ కాళ్ల వంపు, అల్మారా పిడి, అద్దం చట్రం గీసుకోండి. అక్కడి సంగీత గడియారంలో గంటగంటకూ బయటికి వచ్చి గంట కొట్టే చిన్న మనిషిని చూడడానికి జనం గుమిగూడతారు. మ్యూజియానికి శుక్రవారం సెలవు. చౌమహల్లా ప్యాలెస్‌లో తలుపుల నిష్పత్తులు, సున్నపు నగిషీ గమనించండి. అన్నిటికంటే ముందు మీ వీధిలో ఇంకా నిలిచి ఉన్న పాత ఇంటివారిని అడిగి లోపలికి వెళ్లండి, టేపు తీస్తే చాలామంది తామే వచ్చి రెండో కొస పట్టుకుంటారు.

ఇల్లు మారేటప్పుడు బొమ్మరింటిని ఎలా తీసుకువెళ్లాలి?

కట్టేటప్పుడే ఆలోచించవలసిన విషయమిది. ముందుగా మీ తలుపు వెడల్పు, లిఫ్టు వెడల్పు కొలవండి, బొమ్మరిల్లు అంతకంటే చిన్నదై ఉండాలి. కప్పును జిగురుతో అతికించకుండా పైన కూర్చునేలా చేయండి. సామానును నేలకు శాశ్వతంగా అతికించకుండా, మ్యూజియంలవాళ్లు వాడే మైనం వంటి మెత్తని బంకతో నిలబెడితే కదలవు, కావాలన్నప్పుడు ఊడివస్తాయి. తరలించే రోజున ప్రతి గదిని ఫొటో తీసి, సామానును గదివారీగా దూది పెట్టిన డబ్బాల్లో సర్ది, డబ్బామీద గది పేరు రాయండి. ఖాళీ గదులను మెత్తని పాత చీరలతో నింపి, కప్పును విడిగా చుట్టండి. ప్యాకర్లకు అప్పగించకుండా కారు వెనుక సీటులో మనిషి పక్కన కూర్చుని పట్టుకుని తీసుకువెళ్లడం అన్నిటికంటే క్షేమం.